కింది నుంచి పైకి వినడం: హెన్రీ గ్రైమ్స్ ట్రియో ఆల్బమ్ ‘ద కాల్’ శ్రోతలకు సమగ్ర మార్గదర్శి

1965 డిసెంబర్ 28న న్యూయార్క్‌లో ముగ్గురు వాద్యకారులు కలిసి ఒక రికార్డు చేశారు. హెన్రీ గ్రైమ్స్ డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండి లోతుగా పలికే తీగ వాద్యం, దీన్నే క్లుప్తంగా బేస్ అంటారు), పెర్రీ రాబిన్సన్ క్లారినెట్, టామ్ ప్రైస్ డ్రమ్స్ వాయించారు. ఈఎస్‌పీ-డిస్క్ అనే చిన్న సంస్థ దానిని 1966లో ‘ద కాల్’ పేరుతో విడుదల చేసింది. ఆ బృందానికి నాయకుడు బేస్ వాద్యకారుడు. 1960ల దశకంలో గ్రైమ్స్ ఎందరో ప్రసిద్ధుల పక్కన నిలబడి వాయించినా, ఆ దశకం మొత్తంలో ఆయన సొంత నాయకత్వంలో వచ్చిన ఆల్బమ్ ఇదొక్కటే.

ఈ ఆల్బమ్‌లోది ఫ్రీ జాజ్, అంటే ముందే కట్టిన చట్రానికి లోబడకుండా అప్పటికప్పుడు కల్పించి వాయించే జాజ్. దానిని కొత్తగా వినేవారిలో చాలామంది కొద్ది నిమిషాలకే ఆపేస్తారు. వారికి ఓపిక లేక కాదు. చిన్నప్పటి నుంచి పాటను పైనున్న గొంతు ద్వారా, లేదా పైనున్న వాద్యం ద్వారా వినడం మనకు అలవాటు. ఆ పైవాద్యం పల్లవి చెప్పకుండా, తెలిసిన చోటికి తిరిగి రాకుండా సాగిపోతుంటే ఇక పట్టుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది. అందువల్ల ఈ మార్గదర్శి మొత్తం ఒకే మాట మీద నిలబడి ఉంటుంది: ఈ ఆల్బమ్‌ను కింది నుంచి పైకి వినాలి. ముందుగా బేస్‌ను పట్టుకోవాలి, అది ఎటు తిరిగితే చెవి అటు తిరగాలి, మిగిలిన ఇద్దరినీ ఆ నేల మీద నిలబెట్టి వినాలి. బేస్ వాద్యకారులు నడిపిన ఇతర ట్రియోలకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది.

మొదటి అడుగు: బేస్ నిజంగా వినిపించేలా చూసుకోవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చాలామంది ఇక్కడే ఆల్బమ్‌లో సగాన్ని పోగొట్టుకుంటారు. డబుల్ బేస్‌కు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. మందమైన తీగ నుంచి సన్నని తీగ వైపు వస్తే వాటి పౌనఃపున్యాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ ఇంత లోతైన ధ్వనిని పలికించలేదు. దాని నుంచి మనకు అందేది ఆ స్వరాల మీద పుట్టే ఉపస్వరాలు మాత్రమే. వాటి ఆధారంగా మూల స్వరాన్ని మెదడు ఊహించుకోగలదు కాబట్టి బేస్ వింటున్నామనే భ్రమ కలుగుతుంది, కానీ తీగ బరువు, మీటిన తర్వాత స్వరం ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు వేలితో ఆపేశారు అన్నవి అందవు. మామూలు జాజ్ పాటలో దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. బేస్ నాయకత్వం వహించే ట్రియోలో మాత్రం ఇది ప్రధాన పాత్రధారి లేకుండా నాటకం చూసినట్టే.

కాబట్టి చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు గానీ, కాస్త పెద్ద స్పీకర్లు గానీ వాడండి. ఖరీదైనవే కానక్కరలేదు. అలాగని బేస్ బాగా వినాలన్న ఉత్సాహంతో ఈక్వలైజర్‌లో బేస్ పెంచకండి. గ్రైమ్స్ వాయిద్యంలోని ప్రాణం లోతైన మోతలో ఎంత ఉందో, తీగ మీద వేలు జారే చప్పుడులోనూ, చెక్క పలికే చిన్న ప్రతిధ్వనిలోనూ అంతే ఉంది. ఆ సూక్ష్మమైన ధ్వనులు మధ్య, పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. కింది భాగాన్ని కృత్రిమంగా ఉబ్బిస్తే అవి దాని కింద కప్పబడిపోతాయి.

ఆల్బమ్‌లో ఆరు రచనలున్నాయి: ‘ఫిష్ స్టోరీ’, ‘ఫర్ జాంగో’, ‘వాక్ ఆన్’, ‘సాటర్‌డే నైట్ వాట్ ద’, ‘ద కాల్’, ‘సన్ ఆఫ్ అల్ఫాల్ఫా’. వరస మార్చే షఫుల్ సౌకర్యాన్ని ఆపివేసి, ఈ క్రమంలోనే వినండి.

రెండో అడుగు: ముగ్గురూ ఎక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవడం

స్వేచ్ఛగా వాయించేవారికి పాత పద్ధతి చేతకాదనే అపోహ ఇప్పటికీ ఉంది. గ్రైమ్స్ జీవితం తెలిస్తే అది నిలవదు. ఆయన 1935 నవంబర్ 3న ఫిలడెల్ఫియాలో పుట్టారు. చిన్నతనంలో వయొలిన్ నేర్చుకుని, తర్వాత డబుల్ బేస్‌కు వచ్చి, న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదివారు. ఇరవై రెండేళ్ళ వయసులో, 1958 నాటి న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో, ఒకే ఉత్సవంలో పలు బృందాలకు ఆయనే బేస్ వాయించారు. బెనీ గుడ్‌మన్, థెలోనియస్ మంక్, జెరీ మల్లిగన్, సనీ రోలిన్స్ వంటి ఒకరితో ఒకరికి పోలిక లేని సంగీతకారులు ఆ కొద్ది రోజుల్లో ఆయనను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారంటే, లయలోనూ శ్రుతిలోనూ ఆయన మీద ఎంత నమ్మకం ఉండేదో అర్థమవుతుంది.

ఈ ఆల్బమ్‌కు సంబంధించినంతవరకు అన్నిటికన్నా ముఖ్యమైనది రోలిన్స్‌తో గడిపిన కాలం. 1950ల చివరలో రోలిన్స్ పియానోను పక్కన పెట్టి, సాక్సోఫోన్, బేస్, డ్రమ్స్ మాత్రమే ఉండే ట్రియోలు నడిపారు. 1959లో అలాంటి ట్రియోతోనే గ్రైమ్స్ యూరప్ పర్యటించారు. పియానో ఉన్నప్పుడు స్వరసమూహాలను (ఒకేసారి కలిసి పలికే స్వరాలను, అంటే కార్డ్‌లను) అది స్పష్టంగా చెప్పేస్తుంది. అది లేనప్పుడు వాటిని సూచించే భారమంతా బేస్ మీద పడుతుంది. భారంతో పాటు స్వేచ్ఛ కూడా వస్తుంది, ఎందుకంటే ఏ స్వరాన్ని ఆధారంగా నిలపాలో ఇక బేస్ వాద్యకారుడే నిర్ణయిస్తాడు. ‘ద కాల్’కు విత్తనం అక్కడే పడిందని నా అభిప్రాయం.

1960లలో గ్రైమ్స్ కొత్త సంగీతం వైపు తిరిగారు. ఆల్బర్ట్ ఐలర్, సెసిల్ టేలర్, డాన్ చెరీ, ఫారో శాండర్స్ రికార్డుల్లో ఆయన బేస్ వినిపిస్తుంది. డాన్ చెరీ ‘కంప్లీట్ కమ్యూనియన్’ రికార్డు చేసింది 1965 డిసెంబర్ 24న. అంటే అందులో బేస్ వాయించిన నాలుగు రోజులకే గ్రైమ్స్ తన సొంత ట్రియోను స్టూడియోకు తీసుకువచ్చారు. ముప్ఫై ఏళ్ళ వయసు, చేతి నిండా పని, మనసు నిండా కొత్త ఆలోచనలు.

పెర్రీ రాబిన్సన్ 1938లో పుట్టారు. ఆయన తండ్రి ఎర్ల్ రాబిన్సన్ ప్రజాగీతాల స్వరకర్తగా అమెరికాలో పేరున్నవారు. పెర్రీ 1962లో చేసిన ‘ఫంక్ డంప్లింగ్’ ఆల్బమ్‌లో బేస్ వాయించింది గ్రైమ్సే, కనుక ‘ద కాల్’ నాటికి వీరిద్దరికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. ఇద్దరి రచనలూ ఈ ఆల్బమ్‌లో ఉన్నాయి. టామ్ ప్రైస్ పేరు జాజ్ చరిత్రలో పెద్దగా వినిపించదు, కానీ ఈ రికార్డులో ఆయన ఎంత అవసరమో తర్వాతి అడుగుల్లో తెలుస్తుంది.

సంస్థ గురించి కూడా ఒక మాట. ఈఎస్‌పీ-డిస్క్‌ను నడిపిన బెర్నార్డ్ స్టోల్‌మన్ వృత్తిరీత్యా న్యాయవాది. ఎస్పరాంతో అనే కల్పిత భాష మీది ఇష్టంతో సంస్థకు ఆ పేరు పెట్టారు. శ్రోత ఏమి వినాలన్నది కళాకారుడే నిర్ణయిస్తాడనే మాటను తన రికార్డుల అట్టల మీద ముద్రించేవారు. ఒక బేస్ వాద్యకారుడు క్లారినెట్‌ను తోడు తెచ్చుకుని, తన ఇష్టప్రకారం ఆల్బమ్ చేయగలగడానికి ఆ విధానమే చోటిచ్చింది.

మూడో అడుగు: ఏది తీసేశారు, ఏది ఉంచారు

ఫ్రీ జాజ్‌కు ముందరి జాజ్‌లో ఒక రచన మొదట ఇతివృత్తాన్ని, అంటే ముందే కూర్చిన ప్రధాన బాణీని, వినిపిస్తుంది. ఆ తర్వాత 12 లేదా 32 బార్ల (బార్ అంటే సాధారణంగా నాలుగు దెబ్బల కొలత) స్వరసమూహ చక్రం మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే దాని మీద ఒక్కొక్కరు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. చివరకు ఇతివృత్తం తిరిగి వస్తుంది. ఈ చక్రానికి కాపలాదారు బేస్. బార్‌కు నాలుగు స్వరాల చొప్పున సమంగా అడుగులు వేసే వాకింగ్ బేస్ వింటే చక్రంలో ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

సాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 1959 నవంబర్‌లో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో తన బృందంతో వాయించినప్పుడు పెద్ద వివాదం రేగింది ఈ చక్రం గురించే. ఇతివృత్తం ఉంటుంది, లయ ఉంటుంది, కానీ కల్పన సాగేటప్పుడు ఆ చక్రానికి కట్టుబడి ఉండనక్కరలేదు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆయన రికార్డు చేసిన ఆల్బమ్ పేరు నుంచే ఈ ధోరణికి ఫ్రీ జాజ్ అనే పేరు స్థిరపడింది. ఇక 1964 జూలైలో సాక్సోఫోన్ వాద్యకారుడు ఐలర్ ట్రియో ‘స్పిరిచ్యువల్ యూనిటీ’ రికార్డు చేసినప్పుడు డ్రమ్మర్ సనీ మరీ లెక్కించదగిన తాళాన్ని కూడా వదిలేసి, అలలా పైకి లేచి పడే ధ్వనిని వాయించారు.

కర్ణాటక సంగీతంలో కల్పనస్వరాలు వినే అలవాటున్నవారు ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకుంటే మేలు. స్వరకల్పన ఎంత దూరం పోయినా చివరకు లెక్క తప్పకుండా ఎత్తుగడ దగ్గరికి చేరాలి, మన చేయి తాళం వేస్తూనే ఉంటుంది. ఈ ఆల్బమ్ వింటూ తాళం వేయడానికి ప్రయత్నించకండి. ఇక్కడ కూడా చేరుకునే స్థానాలున్నాయి, కానీ అవి ముందుగా లెక్కగట్టినవి కావు. ముగ్గురూ ఒకరినొకరు వింటూ అక్కడికక్కడే తేల్చుకున్నవి. ఒకరు ఒక స్వరం మీద ఆగితే రెండోవారు దానిని ముగింపుగా తీసుకోవచ్చు, కొత్త ఆరంభంగానూ తీసుకోవచ్చు. ఆ తేల్చుకోవడం ఎక్కడ జరుగుతోందో గమనించడమే ఈ సంగీతం వినడంలోని ఆనందం. రాగం వెతకడం కూడా మానుకోవాలి. ఒక ఆధార షడ్జం ఆద్యంతం నిలిచి ఉంటుందనే అంచనాతో వింటే ప్రతి మలుపూ తప్పులా తోస్తుంది.

నాలుగో అడుగు: తొలి శ్రవణం

ఆల్బమ్ నిడివి తక్కువే. ఒక్క కూర్చోవడంలో, మధ్యలో ఆపకుండా, ఏమీ రాసుకోకుండా ఒకసారి వినేయండి. నచ్చిందా లేదా అన్న నిర్ణయానికి అప్పుడే రాకండి. ఈ తొలి శ్రవణంలో చేయవలసిన పని ఒక్కటే, ఏ క్షణంలో మీ ధ్యాస దానంతటదే పదునెక్కిందో గుర్తుపెట్టుకోవడం. అలాంటి రెండు మూడు చోట్లు తప్పకుండా దొరుకుతాయి. తర్వాత అక్కడికే తిరిగి వెళతాం.

ఐదో అడుగు: బేస్ ఒక్కటే

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దీనికి తొందర పనికిరాదు. రెండోసారి వినేటప్పుడు క్లారినెట్ ఎంత ఆకర్షించినా దాని వెంట వెళ్ళకుండా బేస్‌తోనే ఉండండి. గ్రైమ్స్ ఏమి చేస్తున్నారో ఎప్పటికప్పుడు మీకు మీరే మాటల్లో చెప్పుకోండి. సమంగా అడుగులు వేస్తున్నారా? ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని దానినే తిప్పి తిప్పి వాయిస్తున్నారా? ఒకేసారి రెండు తీగలు పలికిస్తున్నారా? కమాను తీశారా? పూర్తిగా మౌనంగా ఉన్నారా? సంగీతశాస్త్రం తెలియకపోయినా ఈ ప్రశ్నలకు జవాబు చెవికి దొరుకుతుంది.

అడుగులు వేస్తున్నప్పుడు చూడవలసింది వేగాన్ని కాదు, అడుగు పడే చోటును. డ్రమ్స్ కన్నా వెంట్రుకవాసి ముందు పడే బేస్ సంగీతాన్ని లాక్కుపోతున్నట్టు వినిపిస్తుంది, వెనక పడే బేస్ బరువునిస్తుంది. రోలిన్స్, మంక్‌లతో వాయించిన చేయి కాబట్టి గ్రైమ్స్‌కు ఈ విద్య కొట్టినపిండి. స్వేచ్ఛగా వాయించే చోట్ల కూడా ఆయన స్వరాలు గాలిలో తేలిపోవు. ఒక్కొక్కటీ గుండ్రంగా, గట్టిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసేలా ఉంటుంది. ఫ్రీ జాజ్ బేస్‌లో ఇది అరుదైన గుణమని నేను నమ్ముతాను. వేగంగా అల్లుకుపోయే బేస్ వాద్యకారులు చాలామందే ఉన్నారు. ఎంత వేగంలోనైనా స్వరం ముఖం స్పష్టంగా కనిపించేలా వాయించేవారు మాత్రం కొద్దిమందే.

కమాను గురించి విడిగా చెప్పాలి. డబుల్ బేస్ తీగను వేలితో మీటితే స్వరం పుట్టిన వెంటనే తగ్గడం మొదలవుతుంది. కమానుతో లాగితే ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది, మధ్యలో పెరుగుతుంది, తగ్గుతుంది, గరుకుగా మారుతుంది, వంతెన (తీగలను ఎత్తి పట్టే చెక్క) దగ్గరగా లాగితే గాజులా పదునెక్కుతుంది, తీగను వేలితో నొక్కకుండా తేలికగా తాకితే ఈలలాంటి పైస్థాయి స్వరాలు పలుకుతాయి. జూలియార్డ్‌లో చదువుకుని, వయొలిన్‌తో మొదలైన గ్రైమ్స్‌కు కమాను తర్వాత తెచ్చిపెట్టుకున్న అలంకారం కాదు.

అయితే ధ్వని మారడం సగం సంగతే. ఆయన కమాను అందుకున్న క్షణంలో బృందం నిర్మాణమే మారుతుంది. అంతవరకు నేలగా ఉన్న వాద్యం లేచి నిలబడి రెండో గాత్రం అవుతుంది. అప్పుడు కాలాన్ని ఎవరు మోస్తున్నారు? డ్రమ్స్ ఆ బరువును అందుకున్నాయా, లేక ముగ్గురూ కలిసి కాసేపు బరువే లేకుండా సాగుతున్నారా? మళ్ళీ వేళ్ళకు తిరిగి వచ్చినప్పుడు మిగతా ఇద్దరి వాయిద్యంలో ఏమి మారింది? ఈ మార్పులు జరిగిన చోట్లను నిమిషాలు, సెకన్లతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. ఆల్బమ్ మొత్తానికి ఈ పట్టిక తయారైతే, రూపం లేదనుకున్న సంగీతానికి పటం చేతికి వచ్చినట్టే.

మౌనాన్ని కూడా పట్టికలో చేర్చాలి. బేస్ నాయకుడిగా ఉన్న ఆల్బమ్‌లో బేస్ తప్పుకోవడం కూడా నాయకత్వమే. ఆయన ఆగిపోయినప్పుడు క్లారినెట్, డ్రమ్స్ మధ్య ఏర్పడే ఖాళీని ఒకసారి గమనిస్తే, తిరిగి వచ్చిన తొలి స్వరం ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆరో అడుగు: క్లారినెట్‌ను బేస్ మీద నిలబెట్టి వినడం

మన పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంలో క్లారినెట్ విననివారు తక్కువ. ఆ పలుకు గుర్తుండడం ఇక్కడ ఉపయోగపడుతుంది, ఎందుకంటే రాబిన్సన్ అదే వాద్యాన్ని పూర్తిగా వేరే పనికి వాడారు. 1960ల ఫ్రీ జాజ్‌లో ఊదు వాద్యం అంటే ప్రధానంగా సాక్సోఫోన్. దాని గొంతు పెద్దది. పూర్తి బలంతో ఊదే టెనర్ సాక్సోఫోన్ పక్కన, ఆనాటి రికార్డింగుల్లో, బేస్ చాలాసార్లు మునిగిపోయింది. క్లారినెట్‌ను ఎంచుకోవడం ద్వారా గ్రైమ్స్ తన వాద్యానికి గది కల్పించుకున్నారు. ఈ ఆల్బమ్‌కు సంబంధించిన నిర్ణయాలన్నిటిలోనూ ఇదే అత్యంత తెలివైనదని నాకు అనిపిస్తుంది.

క్లారినెట్ కింది స్థాయి చీకటిగా, చెక్క వాసనతో ఉంటుంది, పై స్థాయి కీచుగా, పదునుగా ఉంటుంది. సాధారణ క్లారినెట్ అతి కింది స్వరం 147 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బేస్ తన సన్నని తీగ మీద పైకి ఎక్కితే సులభంగా ఆ ప్రాంతానికి చేరుతుంది. అంటే రాబిన్సన్ కిందికి దిగి, గ్రైమ్స్ పైకి ఎక్కినప్పుడు రెండు వాద్యాలు ఒకే అంతస్తులో కలుసుకుంటాయి. కమానుతో లాగిన బేస్, మెల్లగా ఊదిన క్లారినెట్ ఆ ప్రాంతంలో ఒకదానికొకటి ఎంత దగ్గరగా పలుకుతాయంటే, ఏది ఎవరిదో క్షణకాలం తేల్చుకోలేం. మూడోసారి వినేటప్పుడు ఈ దూరాన్నే కొలవండి: ఇద్దరూ ఎప్పుడు దగ్గరయ్యారు, ఎప్పుడు దూరమయ్యారు? ప్రశ్న ఎవరు వేశారు, జవాబు ఎవరు చెప్పారు, జవాబు చెప్పకుండా మాట మార్చింది ఎవరు?

ఏడో అడుగు: డ్రమ్స్

టామ్ ప్రైస్‌ను వినడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. దెబ్బలు లెక్కపెట్టడం మానేసి సాంద్రతను వినండి. కొద్దిసేపు చినుకుల్లా పడే ధ్వని ఎక్కడ చిక్కబడింది, ఎక్కడ పలచబడింది, సింబల్ మోగిన తర్వాత దాని తోకను పూర్తిగా వినిపించనిచ్చారా, మధ్యలోనే స్నేర్ (గరగరమని మోగే చిన్న డ్రమ్) దెబ్బతో కోశారా అన్నది చూడండి. డబుల్ బేస్, క్లారినెట్ రెండూ డ్రమ్స్ కంటే మెత్తని వాద్యాలు. చేయి కాస్త బరువైన డ్రమ్మర్ ఉంటే ఈ ట్రియో నిమిషంలో కూలిపోయేది. ప్రైస్ తనను తాను తగ్గించుకుని వాయించడం వల్లనే బేస్ తీగల మీద వేళ్ళ చప్పుడు కూడా మన దాకా చేరుతోంది.

ఎనిమిదో అడుగు: ఒక్క రచనను ఎంచుకుని లోతుగా

ఇప్పుడు ఆరు రచనల నుంచి ఒకదాన్ని తీసుకోండి. తొలి శ్రవణంలో మీ ధ్యాస పదునెక్కిన చోటు ఏ రచనలో ఉంటే అదే సరైన ఎంపిక. నిర్ణయించుకోలేకపోతే ‘ఫర్ జాంగో’తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఆ పేరు వినగానే జాజ్ శ్రోతలకు గుర్తుకు వచ్చేది గిటార్ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్, అంటే ఈ ముగ్గురూ పాత జాజ్‌తో తెగతెంపులు చేసుకోలేదనడానికి పేరులోనే ఆధారం ఉంది.

ఎంచుకున్న రచనలో ముందుగా ఇతివృత్తాన్ని నోటితో హమ్ చేయగలిగేంత వరకు మొదటి భాగాన్నే వినండి. ఇది వచ్చాక మిగిలినదంతా వేరేగా వినిపిస్తుంది. ఇతివృత్తంలోని రెండు మూడు స్వరాల ముక్క కల్పన మధ్యలో ఎక్కడో బేస్‌లో తలెత్తుతుందేమో, క్లారినెట్ దానిని తలకిందులు చేస్తుందేమో వెతకండి. తర్వాత మీ పట్టికను పక్కన పెట్టుకుని, బేస్ తన పద్ధతి మార్చిన ప్రతి చోటా ఆపి, దానికి ముందు పది సెకన్లు వెనక్కి వెళ్ళి వినండి. మార్పుకు కారణం సాధారణంగా ఆ పది సెకన్లలోనే ఉంటుంది. క్లారినెట్ ఒక వాక్యాన్ని ముగించడం, డ్రమ్స్ పలచబడడం, లేక గ్రైమ్స్ తానే ఒక స్వరం మీద విసుగు లేకుండా పట్టుబట్టడం వంటిది. ఒకే రచనను ఇలా విన్నవారికి మిగిలిన ఐదూ తేలికవుతాయి.

తొమ్మిదో అడుగు: చుట్టుపక్కల రికార్డులతో పోల్చడం

ఒక వాద్యకారుడు నాయకుడైనప్పుడు ఏమి మారిందో తెలియాలంటే, ఆయన నాయకుడు కానప్పుడు ఏమి చేశారో వినాలి. ముందుగా 1959 నాటి రోలిన్స్ ట్రియో యూరప్ రికార్డింగులు వినండి. అందులో గ్రైమ్స్ స్వరసమూహాల చక్రాన్ని తు.చ. తప్పకుండా కాపాడతారు. ఆ తర్వాత ‘కంప్లీట్ కమ్యూనియన్’ వినండి. అక్కడ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదు వాద్యం), టెనర్ సాక్సోఫోన్ ముందు వరసలో ఉంటాయి, ఎడ్ బ్లాక్‌వెల్ డ్రమ్స్ నాట్యమాడుతుంటాయి, గ్రైమ్స్ వాటిని కలిపి ఉంచే తాడులా పనిచేస్తారు. దాని వెంటనే ‘ద కాల్’ పెట్టండి. నాలుగు రోజుల తేడాతో అదే మనిషి, అదే చేయి, కానీ తాడు కాస్తా దారి చూపే చేయిగా మారిన తీరు వెంటనే తెలుస్తుంది.

ఇద్దరు బేస్ వాద్యకారులున్న రికార్డులు మరో రకంగా ఉపయోగపడతాయి. పియానో వాద్యకారుడు సెసిల్ టేలర్ 1966లో బ్లూ నోట్ సంస్థకు చేసిన ‘యూనిట్ స్ట్రక్చర్స్’, ‘కాంకిస్టడార్’ రెండిటిలోనూ గ్రైమ్స్‌తో పాటు అలన్ సిల్వా బేస్ వాయించారు. సిల్వా ఎక్కువగా కమానుతో పై స్థాయిలో తిరుగుతుంటే గ్రైమ్స్ కింద నిలబడతారు. ఇద్దరినీ విడదీసి వినగలిగితే మీ చెవి ఏ ట్రియోకైనా సిద్ధమైనట్టే.

పదో అడుగు: ముప్ఫై ఏళ్ళకు పైబడిన మౌనం, రెండో ట్రియో

1960ల చివరలో గ్రైమ్స్ పశ్చిమ తీరానికి వెళ్ళారు. ప్రయాణంలో ఆయన బేస్ దెబ్బతింది. బాగు చేయించుకునే డబ్బు లేక దానిని లాస్ ఏంజెలెస్‌లో అమ్మేశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన జాజ్ లోకానికి కనిపించలేదు. చనిపోయారని చాలామంది అనుకున్నారు. కాపలా పనులు, శుభ్రపరిచే పనులు, నిర్మాణ పనులు చేసుకుంటూ, కవితలు రాసుకుంటూ ఆయన లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్నారు. 2002లో జార్జియాకు చెందిన మార్షల్ మారోట్ అనే సామాజిక కార్యకర్త, జాజ్ అభిమాని, ఆయనను వెతికి పట్టుకున్నారు. ఐలర్ 1970లోనే మరణించిన సంగతి కూడా అప్పటికి గ్రైమ్స్‌కు తెలియదు. చేతిలో వాద్యం లేని ఆయనకు న్యూయార్క్ బేస్ వాద్యకారుడు విలియం పార్కర్ ఆకుపచ్చ రంగు డబుల్ బేస్ ఒకటి పంపించారు. కొద్ది నెలల సాధనతో, 2003 మే నెలలో, గ్రైమ్స్ న్యూయార్క్‌లోని విజన్ ఉత్సవ వేదిక ఎక్కారు. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్ళు ప్రపంచమంతటా వాయించి, వయొలిన్ కూడా మళ్ళీ చేపట్టి, 2020 ఏప్రిల్ 15న, 84 ఏళ్ళ వయసులో, కోవిడ్ కారణంగా న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈ కథను పదో అడుగు దాకా దాచి ఉంచడానికి కారణం ఉంది. ముందే తెలిస్తే ‘ద కాల్’లోని ప్రతి స్వరంలోనూ రాబోయే విషాదాన్ని వెతుక్కుంటాం. 1965లో ఆ గదిలో వాయించిన మనిషికి ముందున్నదేమిటో తెలియదు. ఆయన ఆ రోజు సంగీతాన్ని ఆ రోజుదిగానే వినడం మనం చూపవలసిన గౌరవం.

కథ తెలిశాక వినవలసిన ఆల్బమ్ ఒకటుంది. 2004లో ఫిన్లాండ్‌లోని కెరవా జాజ్ ఉత్సవంలో గ్రైమ్స్ నాయకత్వంలో మరో ట్రియో వాయించింది. డేవిడ్ మరీ టెనర్ సాక్సోఫోన్‌తో పాటు బేస్ క్లారినెట్ (మరింత లోతుగా పలికే క్లారినెట్), హమీద్ డ్రేక్ డ్రమ్స్ వాయించారు. ఈ డ్రేక్ తబలా కూడా అభ్యసించినవారు. ఇక్కడ ఊదు వాద్యం గొంతు పెద్దది, డ్రమ్స్ నిండుగా మోగుతాయి. ఐదో అడుగులో చేసిన పట్టికలాంటిదే దీనికీ చేయండి. కమాను ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, మౌనాలు పెరిగాయా తగ్గాయా, పెద్ద గొంతు పక్కన చోటు కోసం గ్రైమ్స్ ఈసారి ఏమి చేశారు అన్నవి రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక అక్కడి నుంచి, ఆకుపచ్చ బేస్ పంపిన విలియం పార్కర్ సొంత ట్రియోకు వెళ్ళవచ్చు. 2000లో వచ్చిన ‘పెయింటర్స్ స్ప్రింగ్’లో పార్కర్‌తో పాటు డేనియల్ కార్టర్ ఊదు వాద్యాలు, అదే హమీద్ డ్రేక్ డ్రమ్స్ వాయించారు. డ్యూక్ ఎలింగ్టన్ స్వరపరచిన ‘కమ్ సండే’, నల్లజాతి అమెరికన్ల సంప్రదాయ భక్తిగీతం ‘దేర్ ఈజ్ ఎ బామ్ ఇన్ గిలియడ్’ అందులో ఉన్నాయి. బైబిల్‌లో యిర్మీయా గ్రంథం 8వ అధ్యాయం 22వ వచనం గిలాదులో గుగ్గిలం లేదా అని అడిగిన ప్రశ్నకు, ఉందని జవాబు చెప్పే పాట అది. అందరికీ తెలిసిన రాగాలను బేస్ నాయకుడు చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇతివృత్తం ఎంతవరకు చెక్కుచెదరకుండా నిలిచింది, ఎక్కడి నుంచి విప్పుకోవడం మొదలైంది అన్నది చూడటానికి ఈ రెండూ చాలా అనువైనవి. ఇక్కడ కూడా ముందు బేస్‌నే పట్టుకోండి.